థైరాయిడ్ మాత్రకు తగిన వేళ ఏది?

(రంజాను నెలకు ముందు ఏర్పాటైన కుటుంబ ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులము కాము. ప్రభుత్వ కార్యాలయంలో దశాబ్దాల పాటు దస్త్రాలు చూసి విశ్రాంతి పొందినవారము. ఆ తరువాత మా కాలమంతా ఇరుగుపొరుగువారి పనులకే వినియోగమవుతున్నది. పింఛను దరఖాస్తులు పూరించడం, రేషను కార్డులో తప్పు పడిన పేర్లు దిద్దించడం, ఆసుపత్రి చీటీలు చదివి చెప్పడం మా నిత్యకృత్యాలు. ఆ చీటీలలో మాకు మళ్ళీ మళ్ళీ కనిపించే మందు ఒకటి ఉన్నది. అది థైరాక్సిన్ మాత్ర. ఎల్ట్రాక్సిన్ అనీ, థైరోనార్మ్ అనీ పేర్లు వేరైనా లోపలి మందు ఒకటే. ఏ వీధిలో పది ఇళ్ళు చూసినా రెండు మూడు ఇళ్ళలో ఈ సీసా ఉంటున్నది. హైదరాబాదు సహా ఎనిమిది నగరాలలో జరిగి 2013లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, పరీక్షించిన పెద్దవారిలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ తక్కువగా పనిచేస్తున్నట్లు తేలింది. అందులో స్త్రీలే అధికం. కనుక ఈ సభలో కూర్చున్నవారిలో చాలామందికి ఇది సొంత ఇంటి విషయమే.

మాత్ర ఎంత మోతాదులో వాడాలో నిర్ణయించడం వైద్యుని పని. ఆ జోలికి మేము పోము. అయితే అదే మాత్రను ఏ వేళ, ఎలా మింగుతున్నామన్నది మన ఇంటి పని. ఈ పని సరిగా జరగక వైద్యుని లెక్కలు తారుమారవుతున్న ఇళ్ళను మేము చూస్తున్నాము గనుక ఈ అంశం ఎంచుకున్నాము.

ముందుగా ఒక మాట. చీటీలో వైద్యుడు మాత్ర పేరు పక్కన 1-0-0 అని వ్రాస్తాడు. ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి లేదు అని దాని అర్థం. కొందరు దాని కింద బి.బి.ఎఫ్. అని మూడు అక్షరాలు గిలుకుతారు. ఉపాహారానికి ముందు అని భావం. ఆ మూడు అక్షరాలు మన ఇళ్ళలో ఎందరికి అర్థమవుతాయి? మందుల దుకాణంలో సీసా చేతికిచ్చి, ‘పొద్దున్నే ఒకటి’ అని పంపించివేస్తారు. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ తెలుగుతో పాటు ఉర్దూకు అధికార భాషా హోదా ఉన్నది. మందు వాడే తీరు ఒక్క వాక్యంలో తెలుగులోనో ఉర్దూలోనో వ్రాసి ఇమ్మని అడగడానికి మనం మొగమాటపడనవసరం లేదు. సరే, ఇది ప్రక్క మాట.

‘పొద్దున్నే’ అన్న మాటలో అసలు సంగతి లేదు. అది ‘పరగడుపున’ అన్న మాటలో ఉన్నది. మన అమ్మీలు నిహార్ ముఁహ్ అంటారే, అదే. ఈ పరగడుపు అంటే ఏమిటన్నదే పెద్ద చిక్కు. ‘ఏమైనా తిన్నావా అమ్మా?’ అని అడిగితే ‘ఏమీ తినలేదు, ఒక్క టీ తాగాను, అంతే’ అంటారు. టీ మన లెక్కలో తిండి కాదు. అది లేవడంలో ఒక భాగం. మొగం కడుక్కోవడం ఎలాగో టీ అలాగ. కొందరైతే ఆ టీతోనే మాత్ర మింగుతారు. పాలు, చక్కెర పోసి చిక్కగా కాచిన టీ, దానిలో ముంచుకున్న రెండు ఉస్మానియా బిస్కట్లు కడుపులో పడ్డాక అది పరగడుపు ఎట్లా అవుతుంది?

ఈ మాత్ర స్వభావం అట్టిది. జీర్ణకోశంలో ఆమ్లం దాన్ని కరిగించాలి, చిన్నప్రేగు దాన్ని పీల్చుకోవాలి. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు సైతం మింగినదంతా రక్తంలోకి పోదు. సుమారు 60 నుంచి 80 శాతం వరకే పోతుంది. ఆహారం తోడైతే ఆ పాలు ఇంకా తగ్గుతుంది. కాఫీ దీన్ని పీల్చుకోనివ్వదని ఇటలీ వైద్యులు చూపించారు. పాలలోని కాల్షియం, సోయా, పీచు ఎక్కువగల పదార్థాలు కూడా అడ్డుపడతాయి. మోతాదులు మైక్రోగ్రాములలో ఉంటాయి. గ్రాములో పది లక్షల వంతు అన్నమాట. యాభై, డెబ్బై అయిదు, వంద మైక్రోగ్రాములు కొలిచి ఇచ్చే మందులో నాలుగో వంతు టీ గ్లాసులో పోతే, మిగిలినది ఇంకొక మోతాదే అవుతుంది.

కనుక నియమం ఇది. లేవగానే, మంచినీళ్ళతో మాత్రమే మాత్ర మింగాలి. ఆపైన అరగంట నుంచి గంట వరకు నీళ్ళు తప్ప మరేమీ తీసుకోరాదు. గంట అయితే మరీ మంచిది. ఫజ్ర్ నమాజుకు లేచేవారికి ఇది కష్టం కాదు. వుజూకు ముందే మాత్ర, తరువాత నమాజు, ఖురాను పఠనం, ఆ తరువాత టీ. మస్జిదు నుంచి ఇంటికి నడిచి వచ్చేసరికి సగం గడువు గడిచిపోతుంది.

అయితే ఉదయమే ఎందుకు, రాత్రి పడుకునేటప్పుడు కూడదా అని అడిగేవారున్నారు. ప్రశ్న సబబైనదే. 2010లో నెదర్లాండ్స్ వైద్యులు ఒక పరిశీలన ప్రచురించారు. 90 మంది రోగులు అందులో చివరి వరకు నిలిచారు. ప్రతి ఒక్కరూ మూడు నెలలు ఉదయం ఉపాహారానికి అరగంట ముందు, మరి మూడు నెలలు రాత్రి పడుకునేటప్పుడు మందు తీసుకున్నారు. ఏది అసలు మందో ఏది ఉత్తి గొట్టమో వాళ్ళకు తెలియదు. రాత్రి తీసుకున్న నెలలలో టి.ఎస్.హెచ్. మరింత తగ్గింది, అంటే మందు బాగా ఒంటబట్టింది. కాని ఒంట్లో ఓపిక, మనసు స్థితి వంటివాటిలో తేడా కనిపించలేదు. అంతకు ముందటి సంవత్సరం, 2009లో, అమెరికాలో 65 మందితో జరిగిన మరొక పరిశీలన దీనికి భిన్నంగా వచ్చింది. పరగడుపున మింగినప్పుడు సగటు టి.ఎస్.హెచ్. 1.06, పడుకునేటప్పుడు 2.19, ఉపాహారంతో కలిపి మింగినప్పుడు 2.93. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు తోచినది ఏమంటే, గడియారంలో అంకెకు పెద్ద మహిమ లేదు, కడుపు ఖాళీగా ఉండడానికే మహిమ. అమెరికా థైరాయిడ్ సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా రెండు వేళలనూ అంగీకరించాయి. ఉపాహారానికి గంట ముందైనా సరే, రాత్రి భోజనమైన మూడు గంటలకో ఆపైనో పడుకునేటప్పుడైనా సరే.

ఆ మూడు గంటలు మనకు కుదురుతాయా? పది గంటలకు భోంచేసి పదిన్నరకు పడక చేరే ఇల్లు అయితే రాత్రి మాత్ర పనికిరాదు. ఎనిమిదికి తిని పదకొండు దాకా మేలుకొని చదువుకునే పిల్లలకు, రాత్రి డ్యూటీలు చేసే డ్రైవర్లకు అది బాగానే కుదురుతుంది. ఎవరి దినచర్య వారు చూచుకొని ఒక వేళ నిర్ణయించుకోవాలి. నిర్ణయించుకున్నాక దాన్ని మార్చకూడదు. సోమవారం ఉదయం, మంగళవారం రాత్రి అంటే కుదరదు.

ఇక ఇతర మాత్రలతో దీని తగవు సంగతి. ఇనుము మాత్రలు, కాల్షియం మాత్రలు దీని పక్కన పడితే దాన్ని పట్టి ఉంచి లోపలికి పోనివ్వవు. వాటికీ దీనికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. కడుపుమంటకు తాగే తెల్లని టానిక్కులకు కూడా ఇంతే. గ్యాస్ మాత్రలని మనం పిలిచే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి కడుపులో ఆమ్లాన్నే తగ్గిస్తాయి గనుక వాటి సంగతి ఎడంతో తీరదు. అవి వాడుతున్నామని వైద్యునికి చెప్పాలి, అంతే. మన ఇళ్ళలో విచిత్రమేమంటే ఒకరి మాత్రలన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి, ఒకే గుక్కలో పోతాయి. ‘అన్నీ ఒకేసారి వేసేసుకుంటే మరచిపోము కదా’ అని సమాధానం.

మేము చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాము. అరవై దాటిన ఖాలా ఒకామె. రెండేళ్ళలో ఆమె మోతాదు 50 నుంచి 75కు, అక్కడి నుంచి 100కు, ఆపైన 125కు పెరిగింది. ప్రతిసారీ పరీక్షలో టి.ఎస్.హెచ్. ఎక్కువగానే వస్తున్నది. వైద్యుడు చేయగలిగినదే చేశాడు, మోతాదు పెంచాడు. ఆమె డబ్బా విప్పి చూస్తే థైరాయిడ్ మాత్ర, మోకాళ్ళ నొప్పులకు వ్రాసిన కాల్షియం మాత్ర కలిపి ఉదయపు టీతో మింగుతున్నది. కాల్షియం మాత్రను మధ్యాహ్న భోజనానికి మార్చి, టీని గంట వెనక్కు నెట్టమన్నాము. దానితోబాటు ఆమె కొడుకును వైద్యుని వద్దకు పంపి ఈ మార్పు చెప్పించాము.

ఈ చివరి మాట మీద ఒక్క నిమిషం ఆగుతాము. ఇవాళ మా మాటలు విని రేపు ఉదయం నుంచి పద్ధతి మార్చుకునేవారు ఈ సభలో ఉంటారు. సంతోషం. కాని ఇన్నాళ్ళు టీతో సగం పోగొట్టుకుంటూ వాడిన 125, రేపటి నుంచి పూర్తిగా ఒంటబట్టడం మొదలైతే అది అధిక మోతాదు కావచ్చు. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం వస్తాయి. వయసు మీరినవారిలో, గుండె జబ్బు ఉన్నవారిలో గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నది, ఎముకలు కూడా గుల్లబారతాయి. అందుచేత వేళ మార్చినవారు వైద్యునికి తెలియజేసి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ళీ టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించుకొని తీరాలి. ఆ ఖాలాకు ఏడు వారాల తరువాత పరీక్షలో టి.ఎస్.హెచ్. మరీ కిందికి పోయింది. వైద్యుడు మోతాదును 100కు తగ్గించాడు.

తెలంగాణలో బస్తీ దవాఖానాలలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా థైరాయిడ్ పరీక్ష ఉచితంగా జరుగుతుంది. అయిదారు వందలు ప్రైవేటు ప్రయోగశాలకు పోసి రానవసరం లేదు. పరీక్షకు వెళ్ళే ఉదయం మాత్రను రక్తం ఇచ్చిన తరువాత వేసుకోవడం మేలు. జుట్టు రాలుతున్నదని బయోటిన్ వాడేవారు కనీసం రెండు రోజుల ముందు దాన్ని ఆపాలి. లేకపోతే పరీక్ష అంకెలే తప్పుగా వస్తాయి.

గర్భిణుల విషయం ఇంతకన్న బరువైనది. తొలి నెలలలో కడుపులోని బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచేయదు. తల్లి రక్తంలోని హార్మోనుతోనే దాని మెదడు రూపుదిద్దుకుంటుంది. ఆ కాలంలోనే తల్లికి మందు అవసరం పెరుగుతుంది. కనుక ఈ మాత్ర వాడే కోడలు నెల తప్పిందని తెలిసిన వెంటనే, మూడో నెల దాకా ఆగకుండా, వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. సరిగ్గా ఈ సమయంలోనే ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. వచ్చి ఇనుము మాత్రలు, కాల్షియం మాత్రలు ఇస్తారు. అవి కూడా కావలసినవే, మానరాదు. వేళలే పంచుకోవాలి. ఉదయం అయిదున్నరకు థైరాయిడ్ మాత్ర, ఆరున్నర తరువాత టీ, ఉపాహారం, మధ్యాహ్న భోజనంతో కాల్షియం, సాయంత్రం నాలుగింటికి ఇనుము మాత్ర, రాత్రి భోజనంతో రెండో కాల్షియం. కాగితం మీద ఇది సులువే. అయితే ఇంటిల్లిపాదికీ టీ కాచేది ఆ కోడలే. అందరికీ కప్పులు అందించి తానొక్కతీ గంటసేపు చూస్తూ కూర్చోవాలి. ఆ గంట అత్తగారు టీ కాస్తే ఆ ఇంటి మర్యాదకు లోటేమీ రాదు.

ఇప్పుడు రంజాను సంగతికి వస్తాము. ఈ సభ ముఖ్యంగా అందుకే. పగలంతా రోజా ఉంటే ఉదయపు మాత్ర ఎక్కడికి పోవాలి?

కొందరు నెల రోజులూ మాత్ర మానివేస్తారు. ఒకటి రెండు రోజులు మరచినా ఏమీ తెలియదు గనుక నెల మానినా పరవాలేదని వారి తలంపు. ఈ మందు శరీరంలో చాలాకాలం నిలుస్తుంది, నిజమే. సుమారు ఏడు రోజులకు సగమవుతుంది. లెక్క కట్టి చూడండి. మొదటి వారం చివర సగం, రెండో వారానికి పావు, మూడో వారానికి అరపావు, పండుగ నాటికి పదహారో వంతు. చివరి పది రోజుల ఆరాధన వేళకు ఒళ్ళు బరువెక్కి, నీరసం కమ్మి, మలబద్ధకంతో, మతిమరపుతో మనిషి కుంగిపోతే దానికి కారణం రోజా కాదు, మానిన మాత్ర. రోగికి, ప్రయాణికునికి ధర్మం మినహాయింపు ఇచ్చింది. అయితే మోతాదు కుదిరి, ఇతర జబ్బులు లేని థైరాయిడ్ రోగులు ఈ మాత్ర వాడుతూనే రోజాలు ఉండగలుగుతున్నారు. వేళ మార్చుకుంటే చాలు.

వేళలు మూడు. మొదటిది ఇఫ్తార్. అజాన్ కాగానే నీళ్ళతో మాత్ర మింగి, అరగంట నుంచి గంట వరకు ఏమీ తినకుండా ఆగాలి. పధ్నాలుగు గంటల ఖాళీ కడుపు గనుక మందు పీల్చుకోవడానికి ఇంతకన్న మంచి ఘడియ లేదు. కాని ఖర్జూరాలు, పండ్ల ముక్కలు, మిర్చిబజ్జీలు దస్తర్‌ఖాన్ మీద పరచి ఉండగా, మగ్రిబ్ నమాజు అయ్యాక కూడా ఆగి కూర్చోగలవారెందరు? నూటికి పది మంది ఉంటే మాకు ఆశ్చర్యమే. పాలు కలిపిన షర్బత్‌తో మాత్ర మింగడం మాత్రం వృథా. ఖర్జూరంతోనే రోజా విప్పాలని మనసు గట్టిగా ఉన్నవారు ఈ వేళను వదలి తక్కిన రెండింటిలో ఒకటి చూసుకోవచ్చు.

రెండవది రాత్రి పడక వేళ. మగ్రిబ్ కాగానే భోజనం ముగించి, తరావీహ్ తరువాత నీళ్ళు తప్ప ఏమీ ముట్టనివారికి ఇది చక్కగా సరిపోతుంది. ఏడున్నరకు భోజనమైతే పదిన్నర, పదకొండుకు మూడు గంటలు నిండుతాయి. తరావీహ్ నుంచి వస్తూ హలీం దుకాణం దగ్గర ఆగే అలవాటున్నవారికి ఈ లెక్క చెల్లదు. గోధుమలు, పప్పులు, నెయ్యి, మాంసం కలిసిన హలీం మీద మాత్ర వేస్తే, మింగామన్న తృప్తి తప్ప ఒంటికి అందేది తక్కువ.

మూడవది సహరీకి ముందు. భోజనానికి అరగంట నుంచి గంట ముందు లేచి నీళ్ళతో మాత్ర మింగాలి. పది నిమిషాలు మిగిలుండగా లేచి కళ్ళు నులుముకుంటూ నాలుగు ముద్దలు తినే మగపిల్లలకు ఇది పనికిరాదు. కాని ఆ ఇంట్లో అందరికన్నా ముందు లేచి, పొయ్యి వెలిగించి, రొట్టెలు కాల్చే ఇల్లాలికి ఇదే సహజమైన వేళ. లేవగానే మాత్ర మింగి వంటలోనో తహజ్జుద్‌లోనో నిమగ్నమైతే వడ్డించేసరికి గడువు నిండుతుంది. రుచి చూడడం మాత్రం ఆ కాసేపు మానాలి. ఒకే ఇంట్లో తల్లి సహరీకి ముందు, కొడుకు పడక వేళ వాడుకోవడంలో తప్పేమీ లేదు.

అన్నిటికన్న చెడ్డ వేళ ఒకటున్నది. సహరీ కడుపునిండా తిని, టీ తాగి, సమయం అయిపోతున్నదని సైరను వినిపించగానే గబగబా మింగే మాత్ర. మా అనుభవంలో ఎక్కువమంది చేస్తున్నది ఇదే. రంజాను అయ్యాక చూస్తే టి.ఎస్.హెచ్. కొంత పెరుగుతున్నదని కొన్ని వైద్య పరిశీలనలలో కనిపించింది. ఇలా మింగితే పెరగక ఏమవుతుంది?

ఇనుము, కాల్షియం మాత్రలను కూడా దాన్నిబట్టి జరుపుకోవాలి. థైరాయిడ్ మాత్ర సహరీకి ముందైతే అవి మగ్రిబ్ తరువాతి భోజనానికి పోవాలి. థైరాయిడ్ మాత్ర పడక వేళ అయితే అవి సహరీకి పోతాయి, మధ్యలో నాలుగు గంటలు ఉన్నాయో లేవో లెక్క చూసుకోవాలి. చక్కెర వ్యాధి, గుండె జబ్బు కూడా ఉన్నవారు, గర్భిణులు, ఇటీవలే మోతాదు మారినవారు నెలవంక కనిపించేదాకా ఆగకుండా, ఈ వారంలోనే తమ వైద్యుని కలిసి ఈ సంగతి మాట్లాడాలి. రోజా విషయమైన సందేహాలకు ఇమాం సాహెబును అడగండి, మందు విషయంలో వైద్యుణ్ణి అడగండి. ఒకరి ప్రశ్న ఇంకొకరి దగ్గరకు తీసుకుపోవద్దు.

సీసా సంగతి రెండు మాటలు. వేడి, తేమ, వెలుతురు ఈ మాత్రకు గిట్టవు. పొయ్యి పక్క గట్టు మీద, కిటికీ అంచున ఉంచరాదు. మన వేసవిలో అది మరీ ముఖ్యం. అలవాటైన కంపెనీ మాత్రను మార్చవలసి వస్తే వైద్యునికి చెప్పి మార్చండి. ఒక రోజు మరచిపోతే మరునాడు రెండు కలిపి వేసుకోవచ్చా అన్నది వైద్యుణ్ణే అడగండి, సొంతంగా రెట్టింపు చేయవద్దు.

ఈద్ నాటి ఉదయం మాట చెప్పి ముగిస్తాము. రాత్రి చంద్రదర్శనం కాగానే మళ్ళీ పాత వేళ మొదలు. సహరీకి ముందు వాడినవారికి పెద్ద మార్పు లేదు, ఫజ్ర్‌కు లేవగానే మాత్ర. పడక వేళ వాడినవారు చాంద్ రాత్ మాత్ర వేసుకొని ఉంటే ఉదయమే ఇంకొకటి వేసుకోరాదు, మరుసటి ఉదయం నుంచి మొదలుపెట్టాలి. ఈద్గాకు బయలుదేరే ముందు నోరు తీపి చేసుకోవడం మన ఆచారం గనుక, ఫజ్ర్‌కు మాత్ర మింగినవారు స్నానం, కొత్త బట్టలు, అత్తరు అన్నీ ముగించుకొని, గంట గడిచాక షీర్ ఖుర్మా గిన్నె అందుకోవచ్చు. పాలు, ఖర్జూరాలు, బాదం అన్నీ అందులోనే ఉన్నాయి.